వెలుతురు తగలని డిష్

జూన్ 4

ఎర్రగదిలో ఇవాళ్టి నుంచి నేనొక్కదాన్నే కాదు. లేజర్ పనికని మా మేడం వేరే ల్యాబ్ నుంచి ఒకాయన్ని నెల్లాళ్లకి అరువు తెచ్చారు. గది ఇరుకు. మోచేతులు తగులుతున్నాయి. చిరాకు.

జూన్ 7

ఆ వచ్చినాయన ఎలా ఉంటాడని వదిన అడిగింది. ఎర్రగా అన్నాను. ఎర్ర బల్బు తప్ప ఇంకో దీపం లేని గదిలో అందరం ఎర్రగానే ఉంటాం మరి.

అసలు మీరు చేసే పనేమిటో అర్థమయ్యేలా చెప్పి చావమంది. చెప్పాను. డిష్ అనే చిన్న పళ్లెంలో పెంచిన కణాల్లోకి ఒక మాలిక్యూల్ పంపిస్తాం. దానికి ఒక జీన్‌ని ఆన్ చేసే శక్తి ఉంది, కానీ మూత బిగించి ఉంటుంది. ఎర్ర బల్బు దాన్నేమీ చేయదు. నీలం వెలుతురు తగిలిందా, మూత ఊడి జీన్ ఆన్ అవుతుంది, మర్నాటికి కణం ఆకుపచ్చగా మెరుస్తుంది. మా నీలం లేజర్ పడిన చోటే మెరవాలి. అందుకే వెలుతురు తగలని డిష్ ఒకటి బల్ల మీద పక్కనే ఉంచుతాం. అది మెరవకూడదు, మెరిస్తే ఎక్కడినుంచో వెలుతురు దూరినట్టే.

అంతా విని, పెళ్లయిందా అంది. కణానికా అన్నాను.

జూన్ 12

కాలేదట. నేను అడగలేదు. అతనే చెప్పాడు.

జూన్ 15

నేను వెళ్లేసరికే లోపల ఉంటాడు. నేను వచ్చేశాక గాని బయటికి రాడు. మామూలు వెలుతురులో అతన్ని నిండుగా ఒక్కసారీ చూడలేదు. చొక్కా ఏ రంగో కూడా తెలీదు. గొంతు మాత్రం ఇంటికొచ్చాక కూడా చెవిలోనే ఉంటోంది. ఈ వయసులో నాకిదేం ఆరాటం?

జూన్ 19

వెలుతురు తగలని డిష్ మళ్లీ మెరిసింది. మేడం ఇద్దరికీ చీవాట్లు పెట్టారు. ఫోన్లు తలుపు బయట ట్రేలోనే పెడుతున్నాం. తలుపు సందులకి నల్ల టేపు అంటించాం. అతను బల్ల కింద దూరి మరీ వెతికాడు. తన లేజరే లీకవుతోందని పాపం అతని బెంగ.

జూన్ 20, పొద్దున్నే

దుప్పట్లోంచే టైం చూద్దామని చెయ్యెత్తాను. వాచీ వెలిగింది. ముసుగు లోపలంతా తెల్లగా అయిపోయింది.

తెల్ల వెలుతురులో నీలమూ ఉంటుంది.

ఆ గదిలోనూ ఇదే చేస్తున్నాను. టైం కోసం కాదు. అతను మైక్రోస్కోప్‌కి కళ్లానించగానే చెయ్యెత్తుతాను. ఆ కాస్త వెలుతురులో చెంప, కనుబొమ్మ, చెవి పక్కన పుట్టుమచ్చ కనిపిస్తాయి. అంతలోనే ఆరిపోతుంది. డిష్ అక్కడే, మా ఇద్దరి మధ్య ఉంటుంది.

జూన్ 20, సాయంత్రం

చెప్పేశాను. సగమే. వాచీ వల్ల అన్నాను. పడీపడీ నవ్వాడు. అన్నిసార్లు టైం చూస్తారేంటి, ఇంటికెళ్లాలని అంత తొందరా అని అడిగాడు. అవునన్నాను. తనదీ చెయ్యెత్తితే వెలిగే వాచీయేనట, ఇకమీదట ఇద్దరి వాచీలూ ట్రేలోనే అని రూలు పెట్టాడు.

జూన్ 24

డిష్ మెరవలేదు. మేడం భుజం తట్టారు. నాకేం బాగాలేదు.

జూన్ 27

ఇలాగే ఇంకో రెండుసార్లు వస్తే అతని పని అయిపోయినట్టే. పాడైపోవాలని కోరుకోలేను, అది నా పని కూడా. బాగా రావాలని కోరుకోవడానికీ మనసు రావట్లేదు. అతనికి నా మీద ఏమైనా ఉందా? ఉండిపొమ్మని అడగను. అదొక్కటి తెలిస్తే చాలు. వెళ్లి అడిగెయ్ అంటుంది వదిన. ఆవిడకేం, ఎన్నయినా చెబుతుంది.

జూలై 2

చివరి డిష్‌లు పెట్టాం. ఏడుపు మొహం కనిపించకూడదని మైక్రోస్కోప్‌లోంచి కళ్లు ఎత్తనే లేదు. వెళ్లొస్తానన్నాను. జాగ్రత్త అన్నాడు. లేజర్ సర్దుకోవాలని లోపలే ఉండిపోయాడు. రేపు తెల్లారే ప్రయాణమట.

ట్రేలో నా వాచీ ఒక్కటే ఉంది. తన రూలు తనే మర్చిపోయాడేమో.

జూలై 3

వెలుతురు తగలని డిష్ మెరిసింది.

మేడం కేకలేశారు. నా వాచీ ట్రేలోనే ఉందని ఒట్టేసి చెప్పాను.

డిష్ పారేయమన్నారు. పారేయలేదు.