ఆగానని చెప్పేదాకా

ఏప్రిల్ 9
ఆ రోజు ఇలా జరిగింది. పొద్దున ఆసుపత్రిలో నా భార్య సరళకు జ్వరం తగ్గింది. ఇడ్లీ సగం తిన్నది. పదింటికి డాక్టరు చూసి, ఈ రోజుకు ఫరవాలేదన్నాడు. "పోయి చాయ్ తాగి రా... నీ మొహం చూడలేకపోతున్న" అంది. ఇరవై నిమిషాలే కదా అనుకున్నాను. తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. అప్పటికే పోయింది.
రాశాను. మళ్ళీ రాయను.

ఏప్రిల్ 11
దినాలయ్యాక మొదటిసారి బేగంపేట ఆఫీసు. ఎవరూ కళ్ళలోకి చూడరు. మేలు.

ఏప్రిల్ 14
నేను లేనప్పుడు జరిగింది ఇవాళ తెలిసింది. మేం సర్వర్లు చూసే రక్తపరీక్షల ల్యాబ్ ఒకదాని పాత సర్వరును మావాళ్ళు ఆపి, డిస్కు తీసి కొత్త సర్వరుకు తగిలించారు. ఆపమనగానే సర్వరు 'సరే' అంటుంది — మాట అందిందని అర్థం, ఆగిందని కాదు. మా కోడు అరవై సెకండ్లు లెక్కపెట్టి, ఆగిపోయిందనే అనుకుంది. అది ఇంకా డిస్కు మీద రాస్తూనే ఉంది. తొమ్మిది మంది రిపోర్టులు చెడిపోయాయి. వాళ్ళకు మళ్ళీ సూది.
మేనేజర్ రాజేందర్ కనిపెట్టిన మందు — అరవైకి బదులు తొంభై సెకండ్లు ఆగడం.

ఏప్రిల్ 15
కోడు మార్చేశాను. ఐదు సెకండ్లకోసారి సర్వరునే అడగడం. ఆగానని అది చెప్పేదాకా డిస్కు ముట్టుకోదు. పది నిమిషాలు దాటినా చెప్పకపోతే — ఆగిందనుకోదు. పని అక్కడే నిలిపి మమ్మల్ని పిలుస్తుంది.
పక్క సీటు స్వప్న తొంగి చూసి — "గిదేంది సార్, ఆగినవా, ఆగినవా అని... మా అత్తమ్మ సుత ఇన్నిసార్లు అడగది!"
నవ్వాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఏప్రిల్ 17
రాజేందర్ గదిలో.
"ఏందన్నా, ఊకె పరేషాన్ జేస్తవ్? తొంభై సాల్తది."
సరిపోతుందని ఎలా తెలుసు, అన్నాను.
"అందాజా."
అంచనా అనే మాట నా దగ్గర అనొద్దన్నాను. బయటికి వినపడేలా అన్నాను.
"ఇంకో పది రోజులు లీవ్ తీస్కోరాదే..." — మెల్లగా. జాలి.
తీసుకోను.

ఏప్రిల్ 18
రేపు పెద్ద సర్వరు మార్పు. అన్ని ల్యాబులదీ. తొంభై సెకండ్ల కోడే నడపాలని రాజేందర్ మెయిల్. మూసేసి, నా కోడు మళ్ళీ సరిచూసుకున్నాను.
స్వప్న ఫోను — "సార్, రేపు లొల్లి గాదా?"
గొడవ అవుతుంది. కానీ.
ఉద్యోగం పోవచ్చు. పోనీ... ఇంకో తొమ్మిది మందికి సూది గుచ్చనివ్వను.
రేపు పొద్దున ఏడింటికి వెళ్తాను. నా కోడే నడుపుతాను. ఆగానని అది చెప్పేదాకా చాయ్‌కి కూడా లేవను.