పక్కకు చూస్తే కనిపించేది

సూర్యాపేట,
కార్తీక అమావాస్య, 1993

చిన్నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను పాఠాలు చెప్పే బడికి ఈ రోజు ఒక సారు టెలిస్కోపు తెచ్చాడు. చీకటి పడ్డాక పిల్లలందరినీ మైదానంలో నిలబెట్టి, "ఉత్తరం వైపు ఒక మసక మరక ఉంటుంది. అది మన పాలపుంత లాంటిదే ఇంకొకటి, కోట్ల నక్షత్రాల సుడి. ముందు ఉత్తి కళ్ళతో వెతకండి" అన్నాడు.

"ఏం కనిపిస్తలేదు సార్" అన్నారు పిల్లలు.

నాకు గరిడేపల్లిలో మన గొర్రెల మంద గుర్తొచ్చింది. చీకట్లో తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుకుతూ నువ్వు, "సూటిగ సూస్తే దొరకది బిడ్డా. జర పక్కకు సూడు, అదే కనిపిస్తది" అనేవాడివి. ఆ మరకను కూడా నాకు అట్లాగే చూపించి, "ఎవరో ఉన్ని ఏకి ఆడ మరిచిపోయిండ్రు" అని నవ్వావు.

నీ మాటే పిల్లలకు చెప్పాను. ఒకరి తర్వాత ఒకరు "కనిపించింది టీచర్!" అని కేకలు పెట్టారు.

సారు ఆశ్చర్యపోయాడు. "ఈ కిటుకు నేను పెద్ద చదువుల్లో నేర్చుకున్నాను. మీరు ఏ పుస్తకంలో చదివారు?"

"మా చిన్నాయన చెప్పిండు సార్. గొర్లు కాసేటోడు."

ఎంత గొప్పగా చెప్పానో నువ్వు వినాల్సింది.

రేపు పొద్దున ఊరికి వెళ్ళి పిన్నికి ఇదంతా చెప్తాను. వాకిట్లో నీ మంచం ఇంకా అక్కడే ఉంది. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా దాన్ని సూటిగా చూడలేదు. జర పక్కకు చూస్తాను. నువ్వు కనిపిస్తావు.