గోడకు ఆనించిన బోర్డు

షాద్‌నగర్,
మంగళవారం.

ప్రేమగల అమ్మకు,

నీ పెద్ద బిడ్డ రూప వందనాలు చెప్పి రాస్తున్న సంగతులు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, మీ అల్లుడు ప్రవీణూ బాగున్నాం. హాలియాలో నువ్వూ, బాపూ, బర్రే బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలిసింది. మొదటి పేజీ అంతా బర్రె ఈనిన వార్తే రాసి, నా క్షేమం చివరి వరుసలో అడిగావు. నేనేం అలగలేదులే.

"ఈ రోజుల్ల ఉత్తరాలేంది?" అని మీ అల్లుడు నవ్వుతాడు. ఫోన్ చేస్తే నీ చెవులకు 'హలో' తప్ప ఇంకేదీ చేరదని ఆయనకేం తెలుసు? పైగా చర్చి పాటల పుస్తకం చూసి నేర్చుకున్న నీ పెద్ద పెద్ద అక్షరాలు ఫోన్‌లో కనిపించవు కదా. ఆయన్ను నవ్వుకోనీ.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు ఇప్పుడు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం కొంచెం సతాయిస్తుంది. ఇక మా ఫెన్సింగ్ ఆటలో వాడే కత్తులకు పదును ఉండదమ్మా, ఎన్నోసారి చెప్పాలి? మొన దగ్గర చిన్న బొడిపె ఉంటుంది. ఎదుటివాళ్లకు తాకితే మిషన్ మీద దీపం వెలుగుతుంది. ముఖానికి జాలీ మాస్కు, ఒంటికి మందపాటి జాకెట్. మా పిల్లలకు తగిలే దెబ్బలకంటే మడిలో మీ కాళ్లకు గుచ్చుకునే గాజుపెంకులే ఎక్కువ.

"నీతోటి కోచ్‌లు ఎసొంటోళ్లు? నీకు మర్యాద ఇస్తరా?" అని కూడా రాశావు. మంచి సమయంలోనే అడిగావు. వచ్చే నెల రెండో శనివారం మా క్లబ్బు కొత్త హాలు తెరుస్తున్నాం. పిల్లల చేతికి కత్తి ఇస్తామంటే తల్లిదండ్రులకు భయం ఉండదా? "గీ సార్లు ఎవలు, ఏం గెలిచిర్రు?" అని గుమ్మంలోనే నిలదీస్తారు. అందుకే మా ముగ్గురి వివరాలతో ఒక బోర్డు తయారు చేయించాం. పేరు, ఊరు, తొలి గురువు, గెలిచినవి, తేదీలు. వివరాలు సేకరించే పని నామీద పడింది. పెయింటర్ సైదులు చక్కగా రాశాడు.

పైన పెద్ద కోచ్ విజేందర్ సారు. కొల్లాపూర్ రైతు కుటుంబం. పద్దెనిమిదేళ్లకు మిలిటరీలో చేరారు, కత్తి పట్టింది కూడా అక్కడే. జాతీయ పోటీల్లో రెండు కాంస్యాలు గెలిచారు. కానీ బోర్డు మీద ఒక్కటే ఉంది. రెండోదాని సర్టిఫికెట్‌ను ఇంట్లో చెదలు తినేశాయట. మెడల్ ఉంది కదా సార్ అంటే వినలేదు.

"మెడల్ దుకాణంల గూడ దొరుకుతది రూపా. కాగితం లేనిది బోర్డు మీదికి రాదు. నాకైనా గంతే."

తర్వాత ప్రణీత. ఈ ఊరి పిల్లే. పటియాలా వెళ్లి, భాష రాని చోట ఏడాది ఉండి, కోచింగ్ డిప్లొమాలో రెండో ర్యాంకు తెచ్చుకుంది. ఆటలో మాత్రం జాతీయ పోటీల క్వార్టర్ ఫైనల్‌లో మూడుసార్లు ఓడింది. అది రాయకుండా వదిలేద్దామని నేనన్నాను.

"రాయియ్యక్కా. మేడం గూడ ఓడిపోయిందని పిల్లలకు తెల్వాలె. గప్పుడే ఓడినా మల్ల వస్తరు" అంది.

మర్యాద సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. ప్రణీత నాకోసం రోజూ రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తెస్తుంది. సారు పిల్లల ముందు నన్ను మేడం అనే పిలుస్తారు. ఇట్లాంటి వాళ్లతో పని చేయడం నా అదృష్టమమ్మా.

ఇక నా వరుస. తొలి గురువు అన్న గడిలో మా గురుకులం కోచ్ పేరు రాయాలి. కానీ ఆయన మొదటిరోజు అడిగిన మాట గుర్తొచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లకు వెనక్కి అడుగు వేయడం రాదు. తల తిప్పి చూస్తారు, తూలి పడతారు. నేను మోకాళ్లు వంచి, ఒక్కసారైనా తిరగకుండా గోడదాకా వెనక్కి వెళ్లాను. ఆయన ఆశ్చర్యపోయి, "ఎవలు నేర్పిర్రు?" అన్నారు. "మా అమ్మ సార్, నాటేసేటప్పుడు" అన్నాను. సెలవుల్లో నన్ను నీ పక్కన వరుసలో నిలబెట్టి, "ఎనకకు చూడకు బిడ్డా, కాలే చూస్కుంటది" అనేదానివి. మోకాలి లోతు బురదలో నాకు అడుగు నేర్పింది నువ్వే. అందుకే ఆ గడిలో 'జానమ్మ, హాలియా' అని రాయించాను.

విజేందర్ సారు చదివి, "కాగితం ఏది?" అన్నారు.

"మా అమ్మనే వస్తది సార్. ఆమెనే కాగితం" అన్నాను.

సారు పెద్దగా నవ్వారు. "సరే. ఆమె వచ్చి సదివి అవునంటెనే మేకులు కొడదాం" అన్నారు.

అమ్మా, ఇంతవరకు సంతోషంగానే రాశాను. ఇక రాయాల్సింది ఒకటి ఉంది. దాన్ని ఎట్లా రాయాలో తెలియక నాలుగు రోజులుగా కాగితాలు చింపుతున్నాను.

నీ పేరు పక్క గడిలో ఇలా ఉంటుంది: 'రాష్ట్రస్థాయి స్వర్ణం, 2016 మే 22.' నువ్వు ఏది చదివినా అక్షరం అక్షరం కూడబలుక్కుని, తేదీలతో సహా చదువుతావు. ఆ తేదీ నువ్వు మరిచిపోయి ఉండవు. టీచర్ ట్రైనింగ్ సీటు కోసం నేను నల్గొండలో పరీక్ష రాయాల్సిన ఆదివారం అది. ముందురోజే జ్వరం వచ్చి స్నేహితురాలి ఇంట్లో పడిపోయానని, పరీక్ష రాయలేదని నీకు చెప్పాను. నాకు జ్వరం రాలేదమ్మా. ఆ రోజు నేను మహబూబ్‌నగర్‌లో ఉన్నాను. నువ్వు పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా చర్చిలో మోకరించి నా పరీక్ష కోసం ప్రార్థన చేస్తుంటే, నేను అక్కడ మాస్కు పెట్టుకుని ఆడుతున్నాను. గెలిచిన మెడల్‌ను బట్టల అడుగున దాచి, తర్వాత ఎప్పుడో కాలేజీలో గెలిచానని చూపించాను.

బిడ్డ టీచరమ్మ అయితదని నువ్వు నాట్ల గుంపులో అందరికీ చెప్పుకున్నావు. నాకేమో ఆట తప్ప ఇంకేదీ కనిపించలేదు. ఆ మాట నీతో చెప్పే ధైర్యం లేకపోయింది. ఆడినందుకు ఇప్పటికీ బాధ లేదు. అబద్ధం చెప్పినందుకే ఉంది.

ఇంటికొచ్చిన సాయంత్రం నువ్వు ఒక్క మాట తిట్టలేదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "పానం కన్న పరీచ్చ ఎక్కువనా బిడ్డా?" అని జావ కాచి ఇచ్చావు. తిట్టి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్ని. రాయని ఆ పరీక్ష హాల్ టికెట్ నీ బైబిల్లో ఇంకా ఉంది. మొన్న క్రిస్మస్‌కు చూశాను. చూసి, మళ్లీ ఆ పేజీల మధ్యనే పెట్టేశాను.

మా ఆటలో పోటీ అయ్యాక మాస్కు తీసి ముఖం చూపించాలి, గ్లవ్ లేని చేతిని ఎదుటివాళ్లకు అందించాలి. గెలిచినవాళ్లయినా సరే, ఆ పని చేయకుండా వెళ్లిపోతే రెఫరీ ఊరుకోడు. నేను నీ ముందు ఈ పదేళ్లూ మాస్కు తీయలేదు. ఇప్పుడు తీశాను. నన్ను క్షమించు అమ్మా.

ఆ తేదీ చెరిపించేద్దామని కూడా అనుకున్నాను. తన మెడల్‌నే వదులుకున్న సారు ముందు ఆ మాట ఎట్లా అనను? ఇక నువ్వు సంతోషంగా వచ్చి, నలుగురి మధ్య నిలబడి, ఆ తేదీ చదివి, నా అబద్ధం అక్కడే తెలుసుకోవడం నేను చూడలేను. అందుకే ముందే రాస్తున్నాను.

కోపం వస్తే ఈ ఉత్తరం రెండు రోజులు పక్కన పడెయ్యి. జవాబు రాయకపోయినా సరే. కానీ శనివారానికి మాత్రం రా. హాలియాలో పొద్దున బస్సు ఎక్కితే చాలు, హైదరాబాద్‌లో దిగేసరికి మీ అల్లుడు నిలబడి ఉంటాడు. బాపును కూడా తీసుకురా. బర్రెను ఒక్కరోజు యాదలక్ష్మి పిన్ని చూసుకుంటుంది.

బోర్డు ఇంకా నేల మీదే, గోడకు ఆనించి ఉంది. నాలుగు మేకులు సారు టేబుల్ సొరుగులో ఉన్నాయి. నువ్వు చదివి కాదంటే, నీ పేరు నా చేత్తోనే తుడిచేస్తాను. అవునంటే మాత్రం మొదటి మేకు నువ్వే కొట్టాలి.

ఇట్లు,
వెనక్కి అడుగేయడం నీ దగ్గర నేర్చుకున్న
నీ పెద్ద బిడ్డ,
రూప