ఖాళీ చేసి చూపించు

ఇర్వింగ్, టెక్సాస్
1986 మే 12, సోమవారం

ప్రియమైన భాస్కర్‌కి,

సుందర్ రాజ్ వందనాలు. ఇక్కడ నేనూ ప్రేమజ్యోతీ క్షేమం. అక్కడ నీ క్షేమం తెలియజేయమని రాయడం ఆనవాయితీ. కాని నువ్వు క్షేమంగా లేవని నీ ఉత్తరంలో నువ్వే రాశావు కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. నాలుగేళ్ళుగా మన మధ్య ఫోను కూడా లేదు. అలాంటిది మీ హెర్న్‌డన్ ముద్రతో కవరు కనబడగానే నాకు సంతోషం కంటే ముందు భయం వేసింది. కవరును రెండు రోజులు ఫ్రిజ్ మీద పెట్టి, ఆ పక్కగా తిరిగాను. చివరికి ప్రేమజ్యోతి విసుక్కుని, అన్నయ్య రాసిన ఉత్తరం విప్పడానికి ముహూర్తం చూస్తున్నావా అని తనే విప్పి నా చేతిలో పెట్టింది.

చదివాను. శశికళ చెల్లెమ్మ శాన్ రామన్ నుంచి జూన్‌లో రేణుని తీసుకుని మీ ఇంటికి వస్తోందన్నావు. పది రోజులుంటుందనీ, నీతో ఉండిపోవాలో పూర్తిగా తెంచుకోవాలో అప్పుడే తేల్చుకుంటుందనీ రాశావు. ఆమె అడిగేది ఒకటే. ఆ రోజు నీ పిస్టల్ ఖాళీ అని తనకు ఒట్టు వేసి చెప్పావే, చూసి చెప్పావా, చూడకుండా చెప్పావా అని. నీకేమో గుర్తు లేదు. చూశాననే అనిపిస్తుంది, చూసి ఉంటే ఆ తూటా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు అన్నావు. నీ మీద నీకే నమ్మకం పోయి, స్టవ్ కట్టేశానా లేదా అని ఆఫీసుకు సగం దూరం వెళ్ళి వెనక్కి వస్తున్నానని కూడా రాశావు. ఆ గదిలో ఉన్నవాడివి నువ్వే కదరా, నువ్వు ఏం చూశావో రెండు ముక్కలు రాయి అన్నావు.

రాస్తాను. దాని కంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి. పేజీలు తిప్పేయకుండా చదువు.

నవ్వుకుంటే నవ్వుకో. జనవరి నుంచి నేను పిస్టల్ పోటీలకు తయారవుతున్నాను. కాకినాడ హాస్టల్లో దీపావళి వస్తే కాకరపువ్వొత్తి దాటి ఏదీ ముట్టుకోనని ఏడిపించేవాడివే, ఆ సుందర్ రాజే. ప్రేమజ్యోతి మొదటి వారం నాతో మాట్లాడలేదు. రెండో వారం, తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్ళలో ఎవరికీ ఈ సంగతి చెప్పనని మాట తీసుకుంది. మూడో వారం ప్రార్థన కాగానే దెబోరా ఆంటీ నన్ను పక్కకు పిలిచి, ఏం బాబూ, ఏదో కాల్చడం నేర్చుకుంటున్నావట, కోడినైతే మాకూ కాస్త పంపించు అంది. ఎవరు చెప్పారో ఇప్పటికీ తేలలేదు.

మా ఆఫీసులో డ్రాయింగులు సరిచూసే వెర్నన్ అనే పెద్దాయన ఉన్నాడు. అరవై నాలుగేళ్ళు. శనివారాలు ఊరి అవతల, కంకర తవ్వి వదిలేసిన గుంటలో ఒక పిస్టల్ క్లబ్ నడుపుతాడు. కొత్తవాళ్ళకు తనే నేర్పుతాడు. నిజం చెప్పాలంటే నేను అక్కడికి నేర్చుకోవడానికి వెళ్ళలేదు. ఒక ప్రశ్న అడగడానికి వెళ్ళాను. పిస్టల్ తనంతట తాను పేలుతుందా అని.

నా చేతిలో పేలినదాని గురించి అందరికీ నేను చెప్పింది అదే కదా. బల్ల మీద నుంచి ఊరికే ఎత్తాను, అదే పేలింది అని పోలీసులకు చెప్పాను, చెల్లెమ్మకు చెప్పాను, నీకూ చెప్పాను. ఆ తూటా మీ హాలు గోడ దాటి, పక్క గదిలో నిద్రపోతున్న రేణు మంచం కొయ్యకమ్మీలో దిగింది. పాప తలకు జానెడు దూరం. రెండేళ్ళ పిల్ల లేచి ఏడుస్తుంటే చెల్లెమ్మ ఎత్తుకుని గడప దగ్గర నిలబడి, నా వైపు కాదు, నీ వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు.

వెర్నన్‌ను ఎవరూ లేనప్పుడు అడిగాను. ఆయన ఆలోచించి మరీ చెప్పాడు. బాగా పాతబడినదైతే, లోపల ఏదో విరిగితే, రాయి మీద పడితే పేలవచ్చునేమో, బల్ల మీద నుంచి మామూలుగా ఎత్తితే మాత్రం పేలదు, అక్కడ ఎవరిదో ఒక వేలు ఉండి ఉంటుంది అన్నాడు. ఎవరిదని అడగలేదు. నేను కారెక్కి ఇంటికి వచ్చేయాల్సింది. ఎందుకో పేరు రాయించుకున్నాను.

మొదటి మూడు శనివారాలు మాకు ఒక్క తూటా కూడా ఇవ్వలేదు. నడుముకు బెల్టు, బెల్టుకు తోలు ఒర, ఒరలో ఖాళీ పిస్టల్. తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. చూపుడు వేలు ట్రిగ్గర్ మీద కాకుండా పక్కన నిటారుగా చాచి ఉంచాలి, గురి కుదిరి కాల్చాలనుకున్నాకే లోపలికి రావాలి. ఖాళీ చేయడానికి ఒక వరస ఉంది. ముందు మేగజైన్, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టె, తీయాలి. తర్వాత పైభాగం వెనక్కి లాగాలి. తర్వాత లోపలికి కళ్ళతో చూడాలి. ఈ వరస తప్పి, ముందు లాగి తర్వాత మేగజైన్ తీస్తే, మేగజైన్ నుంచి ఒక తూటా పైకెక్కి లోపలే కూర్చుని ఉంటుంది. మేగజైన్ బయట ఉంది కదా, పిస్టల్ ఖాళీయే అనుకుంటాం. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదేనని వెర్నన్ చెప్పినప్పుడు నేను బయటికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

ఈ పోటీ మన ఎన్.సి.సి.లో లాగా బోర్లా పడుకుని ఒకే బిళ్ళకు గురి పెట్టడం కాదు. తలుపు చాటు నుంచి, కిటికీలోంచి, నడుస్తూ, మోకాలి మీద కూర్చుని కాల్చాలి. మనిషంత అట్టలు నిలబెడతారు. గోధుమరంగువి కొట్టాలి, మధ్యమధ్య తెల్లవి ఉంటాయి, అవి తాకకూడదు. పెద్దాయన చేతిలో చిన్న యంత్రం కీచుమంటే మొదలు. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. తొందరపడితే గురి పోతుంది, నిదానిస్తే కాలం పోతుంది. ఒకరు కాల్చి రాగానే మిగతావాళ్ళంతా వెళ్ళి అట్టల మీది చిల్లులకు కాగితపు బిళ్ళలు అంటిస్తారు. డాక్టరైనా, లారీ డ్రైవరైనా అంటించవలసిందే.

ప్రతి అట్ట వెనకా ఎత్తైన మట్టికట్ట ఉంటుంది. గురి తప్పిన తూటా కూడా అందులోనే ఆగాలని. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు మీ హాలు గోడ గుర్తొచ్చింది. ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడల సంగతి నీకు తెలుసు కదా. అటు ఒక పలక, ఇటు ఒక పలక, మధ్యలో గాలి.

మొన్న శనివారం నా మొదటి పోటీ. నాలుగు అంకాల్లో మూడు బాగానే కాల్చాను, కడనుంచి రెండోవాడిని అయినా నాకు గర్వంగానే ఉంది. నాలుగోది కూడా అయిపోయింది. చివరి అట్టకు రెండు తూటాలు తగిలాయి, నాకే కనబడింది. వెనక నుంచి వెర్నన్, అయిపోతే ఖాళీ చేసి చూపించు అన్నాడు. ప్రతిసారీ అనే మాటే. నేను అయిపోయిందండీ అని చెప్పడానికి వెనక్కి తిరిగాను.

మనకు పెద్దవాళ్ళు వెనక నుంచి పలకరిస్తే వీపు పెట్టి జవాబు చెప్పడం రాదు కదరా. మా నాన్న పిలిచినప్పుడు చేతిలో ఉన్నది కింద పెట్టకుండా పలికితేనే తిట్లు పడేవి, ఇక మొహం తిప్పకుండా పలికితే ఏమయ్యేదో. వెర్నన్ ఈ సంగతి మొదటి రోజే కనిపెట్టాడు. నీకిది మర్యాద కాదనిపిస్తుందని తెలుసు, అయినా ఇక్కడ నా మొహం చూడకుండా జవాబు చెప్పడమే నాకు నువ్వు ఇచ్చే మర్యాద అని నాలుగు నెలలు చెప్పాడు. నాలుగు నెలలూ బాగానే గుర్తుంది. మొన్న సంతోషంలో మర్చిపోయాను. నాతో పాటు నా చేతిలోని పిస్టల్ కూడా తిరిగింది, బిళ్ళలు అంటించడానికి నిలబడ్డ జనం వైపు.

ఆగు అన్నాడు. కేకేయలేదు. నేను బిగుసుకుపోయాను. నెమ్మదిగా నా భుజం పట్టి మట్టికట్ట వైపు తిప్పి, నా చేతే ఖాళీ చేయించాడు. పోటీ నుంచి నిన్ను తీసేశాను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వేలు ట్రిగ్గర్ మీద లేదు, తూటాలు అయిపోయాయి, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాను. ఆయన నా వైపు చూసి, ఎవరికైనా ఏమైందా అని నేను అడగలేదు, అది ఎటు చూసిందని అడుగుతున్నాను అన్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్న ఆ మాట నేను ఐదేళ్ళుగా నాకు చెప్పుకుంటూ వస్తున్నదే.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. పోటీ నుంచి తీసేసినవాడు ఇంటికి వెళ్ళడు. సాయంత్రం దాకా ఉండి అందరి అట్టలకూ బిళ్ళలు అంటిస్తాడు. ఆఖరున బహుమతులకు ముందు లేచి, తను ఏం చేశాడో తన నోటితో చెప్పాలి. కారణాలు చెప్పకూడదు. నేను ఇది చేశాను అని చెప్పి కూర్చోవాలి. కొత్తవాళ్ళు విని నేర్చుకుంటారని పెట్టారట.

మూడు గంటలు బిళ్ళలు అంటించాను. మొదటి గంట అందరి మీదా కోపమే. తర్వాత మెల్లగా, లేచి ఎలా చెప్పాలా అన్న దిగులు పట్టుకుంది. చివరికి లేచాను. చేతిలో పిస్టల్ పెట్టుకుని వెనక్కి తిరిగాను, మీ అందరి వైపు అది చూసింది, తప్పు నాదే అన్నాను. అంతే, ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ఒక పళ్ళ డాక్టరమ్మ, నిరుటేడు తన చేతిలో నుంచి పిస్టల్ జారి పడిందని, తనూ ఇలాగే లేచి చెప్పానని అంది. వెర్నన్ వచ్చి చెయ్యి కలిపి, వచ్చే నెల పోటీకి పేరు రాసుకున్నాను, రా అన్నాడు. తిరిగి వస్తుంటే హైవే మీద కారు నడుపుతూ ఏడ్చాను. ఎందుకో ప్రేమజ్యోతికి చెప్పలేకపోయాను.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. నువ్వు హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ జాగ్రత్త గల మనిషివి. ఆ రోజు కూడా జాగ్రత్తగానే ఉన్నావని నా నమ్మకం. చెల్లెమ్మతో అలాగే చెప్పు. ఐదేళ్ళ కిందటి మాట, ఎవరు ఎప్పుడు ఏం చేశారో వివరాలు ఎవరికి గుర్తుంటాయి.

ప్రేమజ్యోతి అన్నయ్యను అడిగానని రాయమంది. చెల్లెమ్మకు నా వందనాలు, రేణుకి ముద్దులు. మీ ముగ్గురి కోసం ఇద్దరం ప్రార్థన చేస్తున్నాం.

ఇట్లు
నీ
సుందర్ రాజ్

తా.క. (మే 14, బుధవారం ఉదయం)

కవరు అంటించి, పోస్టాఫీసు దాకా డ్రైవ్ చేసి, డబ్బాలో వేయలేక కారులో కూర్చుని చింపాను. చివర రాసిన మాట అబద్ధం. వివరాలు నాకు గుర్తున్నాయి. ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను, చెల్లెమ్మకు ఇదొక్కటి ఇస్తే చాలు.

ఆ రోజు నువ్వు మేగజైన్ తీసి బల్ల మీద పెట్టావు. పైభాగం లాగి లోపలికి చూశావు. నన్నూ చూడమని నా మొహం దగ్గర పెట్టావు. అప్పుడే చెల్లెమ్మ కాఫీకి పిలిస్తే, ఖాళీయేలే అని ఆమెకు ఒట్టు వేసి చెప్పి వంటింట్లోకి వెళ్ళావు. నువ్వు అటు వెళ్ళగానే మేగజైన్ మళ్ళీ పెట్టింది నేను. ఎలా ఉంటుందో చూద్దామని పైభాగం లాగింది నేను. నీ అడుగులు వినబడగానే మేగజైన్ తీసి, నువ్వు పెట్టిన చోటే పెట్టేశాను. ఇక ఖాళీ అనుకుని, నువ్వు హాల్లోకి వచ్చేలోపే గోడ వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. దానంతట అది పేలలేదు.

మేగజైన్ బల్ల మీదే ఉండేసరికి, లోపల చూడటం నువ్వే మర్చిపోయావని అందరూ అనుకున్నారు. నువ్వూ అనుకున్నావు. నా భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పేం లేదురా, నాదే అన్నావు. నేను ఆ చెయ్యి తీసేయలేదు. చెల్లెమ్మ వెళ్ళిపోయిన రోజు కూడా నోరు విప్పలేదు. అందుకే ఫోను చేయడం మానేశాను, నువ్వేదో తప్పుగా అన్నావని కాదు.

జూన్‌లో ఆమె వచ్చే రోజు రాయి. రమ్మంటే వచ్చి ఆమె ఎదుటే చెబుతాను. వద్దంటే, నా మొహం ఇక చూడనంటే, అదీ న్యాయమే. స్టవ్ కోసం సగం దారి నుంచి వెనక్కి రావడం మాత్రం ఈ రోజుతో మానేయి.

ఆ రోజు నువ్వు చూశావు, భాస్కర్. లోపల ఖాళీగానే ఉంది. నేనూ చూశాను.