ఇంక్యుబేటర్‌కు ఆయుధపూజ

14 అక్టోబర్ 2005, శుక్రవారం

కణం లోపలికి కొలెస్ట్రాల్ ఎలా వెళ్తుందో చూద్దామని నెలల తరబడి పెంచిన కణాలన్నీ పోయాయి. దసరాకి మా డిపార్ట్‌మెంట్ హెడ్, గాలి కూడా సోకకుండా కణాల్ని పెంచే ఇంక్యుబేటర్ పెట్టె తలుపు బార్లా తీసి, లోపల పసుపూ కుంకుమా పెట్టి, అగరుబత్తి తిప్పుతూ ఫొటో తీయించుకున్నాడట. సెలవులయ్యాక ఈరోజు తెరిస్తే డిష్షుల నిండా బూజు! నేనూ పూజలు చేసేదాన్నే. బొట్టు తలుపు బయట పెడితే అమ్మవారు వద్దందా?

వెళ్ళి అడిగాను.

"దేవుడికి దండమెడితే సచ్చిపోతాయేటమ్మా? మళ్ళీ పెంచుకో" అన్నాడు. పైగా రిపోర్టు ఆలస్యమైతే సంజాయిషీ నేనే ఇవ్వాలట!

వచ్చేస్తుంటే వెనక్కి పిలిచాడు. "డాక్టరు నాకు కొలెస్ట్రాలుందన్నాడు. రొయ్యలు తినొచ్చంటావేటి?"

ఆ మనిషికి రొయ్యలంటే ప్రాణం. ఎప్పుడైనా నాలుగు తింటే ఏమీ కాదని నాకు తెలుసు.

జన్మలో ముట్టుకోవద్దని చెప్పి వచ్చాను.