డబ్బా చేపలో ముల్లు

శుక్రవారం రాత్రి

మా ఆయనకు షుగర్ ఎక్కువైందని డాక్టర్ అన్నం తగ్గించమన్నప్పటి నుంచి రాత్రిపూట కుక్కర్ పెట్టడం లేదు. గుండెకు మంచిదని విని ఈ రోజు సార్డిన్ చేపల డబ్బా తెచ్చాను. కాల్చిన బ్రెడ్డు మీద ఆ చేపలు పరిచి, నిమ్మకాయ పిండి ఆయనకు పెట్టాను.

రెండో ముక్క నములుతూ ఆగిపోయారు. చెయ్యి గొంతు కింద అదుముకున్నారు.

"ముల్లు ఇరికిందే. జర అన్నం ముద్ద ఇయ్యి, మింగుత."

ఇంట్లో మెతుకు లేదు. పరుగెత్తి పక్కింటి పద్మక్క తలుపు కొట్టాను.

"ఫికర్ జెయ్యకు చెల్లె, ముద్దతోని దిగిపోతది" అని గిన్నెడు అన్నం ఇచ్చింది.

ముద్ద మీద ముద్ద మింగారు. "ఇంకా గుచ్చుతాంది" అన్నారు. కాసేపటికి, "తక్కువైంది తియ్యి, పండుకుంట" అని వెళ్లి పడుకున్నారు.

ఇందాక ప్లేటు కడగబోతూ మిగిలిన చేపలోంచి ముల్లు తీసి చూశాను. వేళ్ల మధ్య నొక్కగానే పిండైపోయింది. ఇంకోటి తీశాను. అదీ అంతే. డబ్బాలో గట్టి ముల్లు ఒక్కటీ లేదు.

మరి ఆయనకు గుచ్చుకున్నదేమిటి? ఆయన చెయ్యి పెట్టుకున్నది గొంతు మీద కాదు, ఛాతీ మీద.

లేపి దవాఖానకు తీసుకుపోవాలి. లేపడానికే భయమేసి ఇది రాస్తూ కూర్చున్నాను.

పిలిస్తే పలకకపోతే?