జడుపు తీసే మామకు జడుపు

జూన్ 3, మంగళవారం

మామ ఇంక మంచం దిగలే.

కారు తగిలింది మొన్న. తగిలింది గూడ కాదు, పక్కపొంటి రయ్యిన పోయింది, భుజం మీది తువ్వాల ఎగిరిపోయింది, అంతే. సర్వీస్ రోడ్డు దాటి చాయ్ తాగనీకి పోతుండె. రోజూ దాటే రోడ్డే. విమానానికి లేటయినోళ్లు ఎవరో... హారన్ కొట్టుకుంట ఆగకుంట పోయిర్రంట. ఈన రోడ్డు నడుమల కూలబడ్డడు. చాయ్ హోటలాయన లేపి, రెక్క పట్టుకొని ఇంటికి తెచ్చిండు.

దెబ్బ లేదు. గీరుకపోలే. అయినా బువ్వ ముడ్తలేడు. స్కూటర్ సప్పుడైనా ఉలిక్కిపడుతుండు.

అత్త అన్నది, "జడుసుకున్నడు." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందనుకున్న. నవ్వుతుంది.

నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్న. మా ఊరు సాతంరాయిల ఏ పిల్ల జడుసుకున్నా, ఏ పిల్లగాడు నిద్రల కలవరించినా మా ఇంటికే తెస్తరు. యాపమండ తోని దిగదీసి, మంత్రం చదివి, చేతికి నల్లదారం కడ్తడు మామ. నేను కాపురానికి రాకముందు సంది. అసొంటి మనిషి ఇప్పుడు ఎండాకాలం దుప్పటి ముసుగు తన్ని...

జూన్ 4

"జడుపు కాదు, జ్వరం" అంటడు. థర్మామీటర్ పెట్టిన. జ్వరం లేదు.

"మీ మిషినికి ఏం తెల్సు."

జూన్ 6, శుక్రవారం

నా కొలువు గూడ ఇసొంటిదే గద. ఎయిర్‌పోర్టు కాడి హోటల్ల తలకు నూనె మర్దన, పాదాలు వత్తుడు. దానికి ఇంగ్లీషుల ఇంత పొడుగు పేరు. గదిల లైటు తక్కువ పెట్టి, నీళ్లు పారే సప్పుడు పెడతరు. ఇయ్యాల ఒకాయన, ఎన్ని దేశాలు మారి వచ్చిండో ఏమో, తల మీద చెయ్యి పెట్టంగనే గురక. టైమైందని లేపితే, "నేను ఏ ఊర్ల ఉన్న?" అని అడిగిండు. శంషాబాద్ అన్న. మంచిదని మళ్ల పండుకున్నడు.

ఊరోళ్ల తలలన్ని పడుతున్న, మామ తల పట్టొద్దా అనిపించింది. ఇంటికొచ్చి నూనె గోరువెచ్చగ చేసిన. కోడలు మామ తల పట్టుడేందని అత్త జర గునిసింది. మళ్ల తనే కుర్చీ ఏసింది.

హోటల్ల లెక్కనే మెల్లగ చెప్పిన. "కండ్లు మూసుకో మామా. సముద్రం ఒడ్డుకు కూసున్నవనుకో."

"సముద్రం నేనెన్నడు చూడలే."

"పోనీ చెరువనుకో."

"ఏ చెరువు? నీళ్లున్నదా, ప్లాట్లు చేసిందా?"

ఇగ అనుకునుడు బంజేసి ఉత్తగ మర్దన చేసిన. జరసేపు మంచిగనే ఉండె. మెడ మెత్తవడ్డది. గప్పుడే బయట లారీ హారన్. మామ ఎగిరిండు. నూనె గిన్నె నా ఒళ్లె.

జూన్ 8, ఆదివారం

మంత్రానికొచ్చే దినం. పొద్దుగాల్నే ఒకామె పిల్లను సంకనేసుకొని వచ్చింది. అత్త గుమ్మంల నిలబడి, "ఆయన కాశికి పోయిండు" అన్నది.

లోపల్నుంచి దగ్గు.

"కాశి నుంచి దగ్గుతుండా అమ్మా?" అన్నది ఆమె. అత్త తలుపు దగ్గరికేసింది.

జూన్ 9

మా ఆయన మెల్లగ మాట తీసిండు. కందుకూరు యాదయ్య గూడ జడుపు తీస్తడు గద బాపూ, అని.

"యాదిగాడా? వాడు నా శిష్యుడు."

అత్త వంటింట్లకెల్లి, "శిష్యుడేంది. ఇద్దరికి ఒక్కడే గురువు."

"నేను ముందు నేర్చుకున్న."

అయిపోయింది ముచ్చట.

జూన్ 11, బుధవారం

మామిడిపండ్లకు పోదమని చెప్పి తీస్కపోయినం. మా ఆయన నడిపే క్యాబ్‌లనే. మామ వెనక సీట్ల తువ్వాల మొఖం మీద కప్పుకొని కూసున్నడు, బండ్లు కనపడకుంట. కందుకూరుల తువ్వాల తీసేసరికి ఎదురుంగ యాదయ్య ఇల్లు.

కోపం చేస్తడనుకున్న. దిగిండు. ఇద్దరు చానసేపు ఒకల్నొకలు చూసుకున్నరు. యాదయ్య పోయి యాపమండ తెంపుకొచ్చిండు.

"తల వంచన్నా."

"నీ ముందర వంచుడా?"

"నాకెందుకు వంచుతవ్. యాపమండకు వంచు."

"యాపమండ ఎవని చేతుల ఉన్నది?"

అంతే. ఒకడు మండ దించడు, ఒకడు తల వంచడు. అత్త అరుగు మీద కూసొని మజ్జిగ తాగింది. ఆఖరికి యాదయ్య, చెయ్యి గుంజుతుందని మండ కింద పెట్టి, జేబుల కెల్లి గోలీల డబ్బా తీసిండు. ఇది పొద్దుటిది, ఇది బీపీది, ఇది బువ్వ తిన్నంకది. మామ ఒక్కొక్కటి చేతిల పట్టి చూసిండు. ఇగ ముచ్చట్లు. మోకాళ్లు, నిద్ర, నోట్ల చేదు. వారం సంది మొఖం ముడుసుకున్నోడు నవ్విండు గూడ.

వచ్చేటప్పుడు యాదయ్య నన్ను పక్కకు పిలిచి అన్నడు, "బిడ్డా, నాకు నిద్ర పట్టకుంటే రాజేంద్రనగర్ల ఒక డాక్టరమ్మ చూసింది. మందులు కొన్ని, మాటలు కొన్ని. అన్నను తీస్కపో. నేను చెప్పిన అనకు."

మామిడిపండ్లు నిజంగనే తెచ్చినం. పుల్లగున్నయ్.

జూన్ 14, శనివారం

దవాఖాన. మామకు బీపీ ఉన్నది, ఎన్నడు చూపిచ్చుకోలే గద. గోలీలు రాసిర్రు. గుండె మంచిగున్నదట. పక్క గదిల ఇంకో మేడం ఉన్నది, మాట్లాడిపిచ్చే ఆమె. కోస్తా మాట, మెత్తగ.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్తారా బాబాయ్ గారూ?"

మామ వెనకకు తిరిగి చూసిండు, బాబాయ్ గారు ఎవరని.

"ఏం జరగలే. కారు పోయింది."

"ఆ తర్వాత?"

మామ తువ్వాల అంచు మడత పెట్టిండు. గోడ మీద ఫ్యాన్ తిరుగుతుంది. నేనే ఏమన్న అందామనుకున్న, మేడం కండ్లతోనే వద్దన్నది.

"కారుకు గాదమ్మా," అన్నడు మామ. "రోడ్డు మీద కూసున్న. లేద్దమంటే కాళ్లు వస్తలేవు. మంత్రం చదువుకుందమనుకున్న... ఒక్క ముక్క యాదికి రాలే. ఇన్నేండ్లది. గురువు మొఖం గూడ యాదికి రాలే."

మా ఇంట్ల ఎవ్వరికి చెప్పలే ఈ మాట. నాకు తల ఎత్తబుద్ధి కాలే.

మేడం నవ్వలే. "తర్వాత గుర్తొచ్చిందా?"

"ఇంటికొచ్చినంక వచ్చింది. కని మళ్ల పోతదేమో. పిల్లను ముందర కూసోబెట్టుకున్నంక పోతే ఎట్ల?"

భయపడ్డప్పుడు ఎవరికైనా అట్లనే అయితదని చెప్పింది. ఊపిరి నిదానంగ తీసి విడుచుడు నేర్పింది. రోడ్డు ఒక్కసారే దాటొద్దు, మొదలు గేటు కాడ కూసొని ఉత్తగ చూడుమన్నది. లేస్తుంటే అడిగింది...

"ఊరందరికీ మీరు తీస్తారు కదా. మీకు ఎవరు తీస్తారు?"

మామ చెప్పులేసుకున్నడు.

జూన్ 15

బీపీ గోలీ అరచేతుల పెట్టుకొని, పెదవులు ఆడిచ్చి, ఉఫ్ఫున ఊది మింగిండు.

"గదేంది మామా?"

"పని చెయ్యాలె గద."

జూన్ 17

గేటు కాడ కుర్చీ. రోడ్డు చూసుడు, ఊపిరి తీసుడు. విడిచేటప్పుడు హుస్స్... అంటడు. వీధి కుక్క లేచి పోయింది. అత్త ఉరికొచ్చింది, పామేమో అనుకొని.

జూన్ 19, గురువారం

డ్యూటీ నుంచి రాంగనే పిలిచిండు. "కూసో. మంత్రం నీకిస్త. నేర్చుకొని నాకు దిగదియ్యి."

నాకు ఒక నిమిషం ఏం సమజ్ కాలే. మంత్రం కొడుక్కిస్తరు. కోడలికి ఇచ్చిన ముచ్చట ఎన్నడు ఇనలే. ఇంకోటి, ఇచ్చినంక ఇచ్చినోనికి ఉండదంటరు. పోతది.

మా ఆయన మొఖం చిన్నగైంది. "నాకెందుకు ఇయ్యవ్ బాపూ?"

"నీకు పెండ్లికి ముందు నేర్పబోయిన, మొదటి ముక్క కాడనే ఆగినవ్. పెండ్లయినంక గూడ గంతే. ఏది, మొదటి ముక్క చెప్పు."

మా ఆయన పైకి చూసిండు. విమానం పోతుంది. అది పోయేదాక చూసిండు.

అత్తకు కోపం. "ఆడోళ్లకు ఇయ్యొద్దంటరు. ఇంటికి మంచిది కాదు." గిన్నెలు జర గట్టిగ పెట్టింది.

నాకు భయం వేరే. ఇచ్చినంక మామకు ఏం మిగుల్తది? పిల్లలొస్తరు, తల్లులొస్తరు, గందుకే ఈన పొద్దుగాల లేస్తడు, తలస్నానం చేస్తడు, తెల్ల ధోతి కడ్తడు. అడిగిన గూడ. "నువ్వేం చేస్తవ్ మామా, ఇగ?"

"నేను జడుసుకుంట," అన్నడు. "ఇన్నేండ్లు టైం దొరకలే."

నవ్వాల్నో ఏడ్వాల్నో... చాయ్ పెట్టిన.

జూన్ 21

హోటల్ల చేతులు పనిజేస్తున్నయ్, మనసు ఇంటి కాడ. ఒక మేడం, "నువ్వు ఏదో గొణుగుతున్నవ్" అన్నది. ఇంక నేర్చుకోనే లేదు, అప్పుడే గొణుగుడు.

జూన్ 25, బుధవారం. అమాస

తెల్లారంగ బోరు కాడ తలకు పోసుకొని, తడి బట్టలతోని నిలబడ్డ. వణుకు. మామ చెవుల చెప్పుడు షురూ చేసిండు. ఒక్కసారే చెప్పాలె, రెండోసారి చెప్తే కట్టు తెగుతదంట, మంత్రం పనిచెయ్యదంట. చెవి రిక్కించి వింటున్న. చక్కగ పోతుంది. సగం దాటింది. గప్పుడే నెత్తి మీద కెల్లి విమానం, చక్రాలు తెరుచుకొని, గింత కిందికెల్లి...

మామ పెదవులు ఆడుతున్నయ్. నాకు గుయ్యిమని సప్పుడు తప్ప ఏం లేదు. విమానం పోయేసరికి మంత్రం ఆఖరికొచ్చింది.

"నడుమ ఒక ముక్క ఇనరాలే మామా."

"నేను చెప్పిన."

"విమానం..."

"నేనైతే చెప్పిన." తువ్వాల దులుపుకొని లోపలికి పోయిండు.

మంత్రం ఇక్కడ రాయను. రాయొద్దన్నడు. రాద్దామన్నా నడుమ ఖాళీ.

జూన్ 27

ఆ ముక్క లేకుంట చదివితే ఏమైతదని అడిగిన. "జడుపు సగమే పోతది," అన్నడు. "పై సగం పోతదా కింది సగమా?" అన్నడు మా ఆయన. ఎవ్వరు నవ్వలే, నేను తప్ప.

జూన్ 29, ఆదివారం

చేసిన.

మామ పీట మీద కూసున్నడు. నేను యాపమండ పట్టుకొని ముందర. తల వంచిండు. టక్కున. మెడ వెనక ఎముక కనపడ్డది, ఎంత బక్కగైండు. మండ మీద పట్టు బిగించిన. ఎన్ని తలలు పట్టిన ఈ చేతులతోని, నా ముందర వంచిన తల ఇదే మొదలు.

షురూ చేసిన. సగందాక మంచిగ వచ్చింది. ఖాళీ కాడికి వచ్చి ఆగిన. మండ పైకి పట్టుకొని అట్లనే నిలబడ్డ. మామ కండ్లు మూసుకొనే ఉన్నడు.

వంటింట్ల కెల్లి అత్త గొంతు. ఆ ముక్క. ఉప్పు డబ్బా ఏడున్నదో చెప్పినట్టు, మామూలుగ చెప్పింది.

నేను బిర్రబిగుసుకపోయిన. మామ కన్ను ఒకటి తెరిచిండు. వంటింటి దిక్కు చూసిండు. మళ్ల మూసుకున్నడు. నేను ఆ ముక్క అందుకొని ఆఖరిదాక చదివిన, మండ దించిన, దారం కట్టిన.

తర్వాత అడిగిన, "అత్తా, నీకెట్ల తెల్సు?"

"ఈ గోడ అవతల్నే గద నా పొయ్యి. చెవులకు మూతలుంటయా?" కూర కలుపుకుంట అన్నది. "మొత్తం వచ్చు. ఈన ఒక కాడ మాట మింగుతడు, అది గూడ తెల్సు. బర్రె జడుసుకుంటే నేనే చదివిన. పాలిచ్చింది."

"మరి నువ్వే మామకు..."

"నాకు ఇయ్యలే. నేను విన్న, అంతే. ఇచ్చిందానికి, విన్నదానికి తేడా ఉండదా?"

గరిటె పక్కకు పెట్టింది. "ఒక్కసారన్న అడుగుతడేమో, నీకు వస్తదా అని... అడగలే."

మామ పొద్దుమూకేదాక పండుకున్నడు. లేచి రెండు రొట్టెలు తిన్నడు. అత్త మూడోది ఎయ్యబోతే, "నువ్వు తిను" అన్నడు. ఆమె ఈన మొఖం చూసింది. ఈ ఇంట్ల ఆ మాట నేను ఇదే మొదలు వినుడు.

జూలై 1

దవాఖాన. బీపీ జర దిగింది. మేడంకు మామనే చెప్పిండు, తల వంచిన, కోడలు దిగదీసింది అని. "మంత్రం వల్లనా, గోలీ వల్లనా?" అని అడిగిన నేను.

"ఏది వల్లయినా గోలీ ఆపకండి," అన్నది మేడం. "తల వంచి మాత్రం మంచి పని చేశారు బాబాయ్ గారూ."

ఈసారి వెనకకు చూడలే మామ. "ఊ" అన్నడు.

జూలై 4

మామ మా ఆయన చెయ్యి పట్టుకొని రోడ్డు అంచుదాక పోయిండు. దాటలే. బండ్లను తిట్టిండు, పేరు పేరునా. తిడుతుండంటే మంచిదే అన్నది అత్త.

జూలై 6, ఆదివారం

పొద్దుగాల గుడిసె హోటలామె బిడ్డ వచ్చింది, చంటిదాన్ని ఎత్తుకొని. పటాకుల సప్పుడుకు జడుసుకున్నదట, పాలు తాగుతలేదట. "తాత లేడా? కాశి నుంచి వచ్చిండా?"

మామ తెల్ల ధోతిలనే ఉన్నడు. నా దిక్కు చెయ్యి చూపెట్టిండు. "ఆమె కాడికి పో."

ఆ పిల్లతల్లి నన్ను చూసింది, నా హోటల్ డ్రెస్సు చూసింది, నమ్మలే. నేను అత్తను చూసిన. అత్త పొయ్యి మీది కూర దించి, చేతులు కొంగుకు తుడుచుకొని, గోడ అవతల్నే నిలబడ్డది. ఇవతలికి రాలే.

మామ చెప్పులేసుకున్నడు. "చాయ్‌కి పోతున్న."

"ఒక్కనివేనా మామా?"

గేటు దిక్కు నడిచిండు.

చంటిది ఏడుస్తుంది. డ్యూటీ టైం అయితుంది. యాపమండ తెంపిన, పిల్లను ఒళ్లె పెట్టిచ్చి తల్లిని పీట మీద కూసోబెట్టిన, మొదటి ముక్క నోట్లకొచ్చింది. గేటు సప్పుడైతదని చెవి అటే ఉన్నది. కాలే. తల తిప్పి చూస్తే మామ గేటు మీద చెయ్యేసి నిలబడ్డడు, వీపు మా దిక్కు. రోడ్డు చూస్తుండో, నేను చదివేది వింటుండో...